ఝాన్సీకొచ్చిన కార్డు

ఏప్రిల్ 27, సోమవారం

నన్ను రమ్మంది!

ఇంకోసారి రాసుకుంటాను. ఝాన్సీ నన్ను రమ్మంది. నేపాలు దేశానికి. వేనులో, రోడ్డు మీద, మూడు రోజులు పోవడానికి, మూడు రోజులు రావడానికి. అక్కడ కొండల్లో ఇల్లాం అనే ఊరి దాకా సైకిళ్ళ పందెం ఉన్నాదట. ఉద్యోగాలు చేసుకుంటూ సరదాకి తొక్కేవాళ్ళ పందెం. నా కూతురు అందులో తొక్కుతాదట, నేను పక్కనుండాలట. "నువ్వుంటే దైర్నంగా ఉంటాది అయ్యా" అంది ఫోన్లో. డెబ్బై ఒక్కేళ్ళ బతుకులో నా వల్ల ఒకరికి ధైర్యం కలిగిందని వినడం ఇదే మొదలు. ఫోను పెట్టేసి పెరట్లోకెళ్ళి, ఎందుకెళ్ళేనో తెలీక, కోళ్ళకి రెండోసారి నూకలు వేసేసి వచ్చేను.

వేట నిషేధం జూన్ సగం దాకా ఉన్నాది. పడవలన్నీ ఒడ్డెక్కీసినాయి. చేపలు లేనప్పుడు చేపల బేరగాడికి పనేటుంటాది? ఏ అడ్డూ లేదు.

మా ఇంటిది తవిటమ్మ మోకాళ్ళు చూపించి "ఆ కుదుపులకి నాను ఆగలేను. నువ్వెల్లు మావా" అంది. సంతోషపడ్డాను. అంతలోనే "ఎల్లి, ఆ కార్డు సంగతి సెప్పీసి రా" అంది.

"ఇప్పుడెందుకే అది?"

"ఇప్పుడు కాకపోతే ఎప్పుడు? నువ్వు పోయినాక నాను సెప్పాలేటి? పద్దెనిమిదేళ్ళబట్టీ నీ దొంగతనం నా నోట్లో పెట్టుకుని దాని ముందర నవ్వతన్నాను."

దొంగతనం అంటాది! నేనేం దోచుకున్నాను? ఝాన్సీ పదో తరగతి అయిన వేసవిలో విజయనగరంలో క్రీడా హాస్టలుకి సైకిలు పరీక్ష పెట్టేరు. వెళ్ళి తొక్కి వచ్చింది. సెలక్టయిందని కార్డొచ్చింది. పోస్టుమేను టెక్కలి రోడ్డు మీద నాకు ఎదురై నా చేతికే ఇచ్చేడు. నేను ఇంట్లో ఇవ్వలేదు. అది రోజూ గుమ్మంలో కూకుని చూసేది. "రాలేదమ్మా" అన్నాను. అంతే. ఆడపిల్ల, పదహారేళ్ళు, ఊరు కాని ఊరు. ఏ తండ్రైనా అదే చేస్తాడు. అందులో ఏటి రాసుందో కూడా నాకిప్పుడు గుర్తు లేదు.

చెప్పీస్తాను. దారి పొడుగునా టైముంటాది కదా.

మే 6, బుధవారం. బాలాసోర్

పిల్లలెక్కే వేనులో విదేశానికి బయల్దేరిన ముసలోడు ప్రపంచంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను!

మా అల్లుడు మోహనకృష్ణ విజయనగరంలో స్కూలు వేను తిప్పుతాడు. వేసవి సెలవులు కాబట్టి ఖాళీ. పచ్చటి పసుపు వేను, ముందర 'బడి పిల్లలు' అని అడుగెత్తు అక్షరాలు. వెనక సీట్లు విప్పేసి, ఝాన్సీ సైకిలుకి దుప్పట్లు చుట్టి, పసిపిల్లని ఊయల్లో పడుకోబెట్టినట్టు కట్టేరు. ఆ సైకిలు రెండు వేళ్ళతో లేచిపోతాది. నా చేపల సైకిలు స్టేండు వెయ్యాలంటే ఇద్దరుండాలి.

బరంపురం దాటేక ఒక పోలీసాయన ఆపి ఏదో అడిగేడు. పిల్లలేరీ అని అడిగేడట. అల్లుడు నన్ను చూపించి "ఈయనొక్కడే సార్, మిగతా వాళ్ళందరూ పాసైపోయారు" అన్నాడు వచ్చీరాని ఒరియాలో. పోలీసు నవ్వేడు. ఝాన్సీ అయితే ముందు సీటు మీద తల పెట్టుకుని నవ్వింది. కోర్టులో టైపిస్టు పని చేసి చేసి దాని మొహం ఎప్పుడూ బిగదీసుకుని ఉంటాది. ఈ నవ్వు నేను చూసి ఎన్నాళ్ళైంది?

ఎండు నెత్తళ్ళ చేపలు ఒక సంచీడు తెచ్చేను. అక్కడ తిండి ఎలాగుంటాదో అని. 

"మావయ్యా, ఆ సంచీని దింపీమంటావా, నన్ను దిగిపోమంటావా?" అన్నాడు అల్లుడు, ముక్కు మూసుకుని.

"దిగు బావా. నాకు నెత్తళ్ళే కావాలి" అంది ఝాన్సీ.

నెత్తళ్ళే కావాలంది!

మే 7, గురువారం. మాల్దా

చెప్పలేదు.

తవిటమ్మ ఫోను.

"సెప్పీసినావా?"

"అల్లుడు పక్కనే ఉన్నాడే."

"అల్లుడు నీల్లు పోసుకోడానికెల్లడేటి?"

సిగ్నలు పోయింది. పోయిందని చెప్పేను.

మే 8, శుక్రవారం. బిర్తామోడ్, నేపాలు

దేశం దాటేను! మేచీ నది మీద వంతెన, ఇటు మనది, అటు వాళ్ళది. నది చూస్తే మన నాగావళి కన్నా బక్కగా ఉన్నాది, కానీ దాటేసరికి ఒళ్ళు ఝల్లుమంది. ఇక్కడ గడియారం మనకంటే పావుగంట ముందట. "అయ్యా, పావుగంట పెద్దోడివైపోనావు" అంది ఝాన్సీ. కావాలంటే ఇంకో పావుగంట అవుతాను, ఇలాగే మాటాడుతుంటే.

దారిలో జరిగింది రాసుకోవాలి. ఫరక్కా వంతెన నిన్ననే దాటేం, అప్పుడు ఝాన్సీ నా పక్కకి వచ్చి కూకుంది. కూకుని నిద్దరోయింది. తల నా భుజం మీద. మాల్దా వచ్చేదాకా నేను చెయ్యి కదపలేదు. తిమ్మిరెక్కి, అది పోయి, మళ్ళీ ఎక్కింది. అల్లుడు అద్దంలోంచి చూసి పాట ఆపేసేడు.

ఆ గంటలో చెప్పొచ్చు కదా అంటాది తవిటమ్మ. నిద్దరోతున్న పిల్లకి ఎలా చెప్తాను?

ఝాన్సీ బడికెళ్ళే రోజుల్లో తెల్లారకట్ల ఇద్దరం భావనపాడు ఒడ్డున వేలంపాట పాడి చేపలు కొనేవాళ్ళం. కవళ్ళో, కానాగంతలో. నా సైకిలు మీద ఒక బుట్ట, దాని సైకిలు మీద ఒక బుట్ట, మీద ఐసు, తడి గోనె. ఐసు కరిగే లోపల టెక్కలిలో దించాలి. ఉప్పు మళ్ళ మధ్యనుంచి రోడ్డు. ఎప్పుడూ అదే ముందు. నేను వెనక. సీటు మీద కూకునేది కాదు, నిలబడే తొక్కేది. జడ అటూ ఇటూ. మళ్ళలో నీళ్ళు తెల్లగా అయ్యేసరికి "అయ్యా, బేగి రా, ఏడయిపోతాది" అనేది. దించేసి అది బడికి పోయేది. నేను అమ్ముకునేవాణ్ణి.

కార్డొచ్చిన ఏడు తవిటమ్మకి టైఫాయిడు. ఇంట్లో ఆడమనిషి లేవలేని స్థితిలో కూతుర్ని హాస్టలుకి ఎలా పంపుతాను? అదీ కారణం. ఇవాళ గుర్తొచ్చి ఫోన్లో అదే అన్నాను.

"నాకు జొరమొచ్చింది దాని ఇంటరు అయినాక" అంది. "నా జొరాన్ని కూడా దొంగిలించీకు మావా."

మే 9, శనివారం. బిర్తామోడ్

రేపే. నంబరు ఇచ్చేరు. నలభై ఏడు. జుబ్బాకి వెనక పిన్నీసులు నాచేతే పెట్టించుకుంది. వీపు మీద ఎముకలు చేతికి తగిలేయి. నాలుగు పిన్నీసులకి పావుగంట చేసేను.

అక్కడ పేపరు కోసం రాసుకుంటున్న ఒక నేపాలీ అమ్మాయి ఝాన్సీని హిందీలో ఏదో అడిగింది. ఝాన్సీ చాలాసేపు చెప్పింది. నాకు హిందీ రాదు. నవ్వుతూ చెప్పింది కాబట్టి మంచి మాటే అనుకున్నాను. ఏమందని అల్లుణ్ణి అడిగేను.

"ముప్ఫై నాలుగేళ్ళొచ్చాక పందేలేటి అని అడిగింది మావయ్యా. చిన్నప్పుడు సైకిలు హాస్టలుకి పరీక్షకెళ్ళేను, తీసుకోలేదు, నా కాళ్ళు పనికిరావని పన్నెండేళ్ళు సైకిలు ముట్టలేదు, ఇప్పుడు అవునో కాదో చూసుకుందామని వచ్చేను అంది ఝాన్సీ."

ఇవాళ ఇంక రాయలేను.

మే 10, ఆదివారం. ఇల్లాం

పందెం అయింది. ఝాన్సీ మొత్తం తొక్కింది! డెబ్బై ఎనిమిది కిలోమీటర్లు, కొండ ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కి! కుర్రాళ్ళే దారిలో కూలబడిపోయేరు, నా బంగారం మాత్రం దిగకుండా తొక్కింది!

ఒంటిగంట లోపు చేరినవాళ్ళ పేర్లే పలక మీద రాస్తారట. ఇది ఒంటిగంటా పదకొండు నిమిషాలకి చేరింది. ఫిక్కల్ అనే ఊళ్ళో మలుపు దగ్గర దారి తప్పింది. నేను అక్కడే ఉన్నాను. అరిచేను. గాలి ఎక్కువ, వినపడలేదు.

చాలా అరిచేను.

మే 11, సోమవారం. మాల్దా

నిన్న రాసింది అబద్ధం. ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధం రాసుకున్నాను.

జరిగింది ఇది. అల్లుడు నన్ను తెల్లారి ఫిక్కల్‌లో దించి, నీళ్ళ సీసాలూ అరటిపళ్ళూ ఇచ్చి, వేను తీసుకుని ఇల్లాం వెళ్ళిపోయేడు. ఝాన్సీ వచ్చినప్పుడు అందించడం నా పని. అక్కడ రోడ్డు రెండు పాయలు. ఎడమది ఇల్లాంకి, కుడిది మళ్ళీ మన దేశం సరిహద్దుకి. జెండా పట్టుకున్నవాడు మలుపులో నిలబడ్డాడు. చుట్టూ టీ తోటలు, మంచు, మే నెలలో చలి. తొమ్మిదిన్నరకి వచ్చింది. ఆ ఎక్కుడులో కూడా నిలబడి తొక్కుతున్నాది. అచ్చం అలాగే. సీసా అందించేను. పట్టుకుంది, నవ్వింది, వెళ్ళింది. జెండావాడు అప్పటికే టీ తాగడానికి పాకలోకి దూరేడు. అది కుడికి తిరిగింది.

నేను చూసేను. పది బారల దూరం లేదు. ఒక్క కేక వేస్తే ఆగును.

నోరు రాలేదు. మా వాళ్ళలో పడవ నీళ్ళలోకి దిగేక ఒడ్డు మీంచి ఎవరూ పిలవరు. పిలిస్తే వెళ్ళినవాడు మళ్ళీ రాడని. మా చినాన్న ఒకసారి వల ఒడ్డునే మరిచిపోయి తోసుకుపోతే, పేట పేటంతా నిలబడి చూసేం కానీ ఒక్కరు నోరెత్తలేదు. వెళ్ళేదాన్ని వెనకనుంచి పిలవడం నా గొంతుకి రాదు. మంచులో కలిసిపోయేదాకా చూస్తా నిలబడిపోయేను. ఐదు కిలోమీటర్లు పోయి, ముందూ వెనకా ఎవరూ లేరని తెలిసి, మళ్ళీ తిరిగి వచ్చింది. నన్ను చూడకుండా ఎడమకి పోయింది.

ఇవాళ పొద్దున్న ఇల్లాంలో టీ కొట్టు బల్ల మీద కూకున్నాం ముగ్గురం.

"అయ్యా, ఆ మలుపు కాడ నువ్వున్నావు కదా."

"ఉన్నాను."

"నాను కుడికి తిరగడం సూసినావా?"

"సూసేను."

"మరి కేకెయ్యలేదేటి?"

"ఎల్లేదాన్ని ఎనకనుండి ఎలాగ పిలుస్తానమ్మా?"

నా మొహంలోకి చూసింది. అప్పుడు నవ్వింది చూడండి, టీ ముక్కులోకి పోయేంత. "ఓలమ్మా! బావా, ఇన్నావా? నా సైకిలు కూడా పడవేనట మా అయ్యకి!"

"నయం మావయ్యా, నిన్ను చౌరస్తాలో పోలీసుగా పెట్టలేదు" అన్నాడు అల్లుడు.

"పోన్లే అయ్యా, పదకొండు నిమిషాలే కదా" అని తన గ్లాసులో టీ సగం నా గ్లాసులో పోసింది.

ఆ 'పోన్లే'కి నేను ఆగలేకపోయేను. తిట్టుంటే ఊరుకుందును. కోపం తీరిపోయిందని ఇంటికొచ్చి తవిటమ్మకి చెప్పుకుందును. అంత తేలిగ్గా పోనిచ్చేసరికి గొంతులోంచి దానంతట అదే వచ్చేసింది.

"ఆ కార్డు వచ్చింది ఝాన్సమ్మా."

"ఏ కార్డు?"

"హాస్టలు కార్డు. నిన్ను తీసుకున్నారు. నానే దాచీసేను. రాలేదన్నాను."

గ్లాసు బల్ల మీద పెట్టింది. తీసింది. మళ్ళీ పెట్టింది. "మావయ్యా" అని ఆగిపోయేడు అల్లుడు. ఝాన్సీ లేచి వేను దగ్గరికి నడిచింది. కాళ్ళు నిన్నటి తొక్కుడుకి బిగుసుకున్నట్టున్నాయి, మెల్లిగా నడిచింది. వెనక్కి ఎక్కి, కింద సైకిలు పక్కన కూకుంది. మాల్దా దాకా అక్కడే.

మే 12, మంగళవారం. బాలాసోర్

ఝాన్సీ ఇవాళా వెనకే, సైకిలు పక్కనే.

"సెప్పీసినావా?" అంది తవిటమ్మ.

"సెప్పేను."

"ఏటంది?"

"ఏటీ అన్లేదు."

"తిన్నాదా?"

"రెండు రొట్టెలు."

"రెండా? సాల్దు. ఇంకోటి తినమను." ఎవరు అనాలి? నేను అనగలనా?

దారంతా లారీలు. అల్లుడు పాటలు పెట్టలేదు. ఇంక రాయడానికేం లేదు.

ఉన్నాది. రాసీస్తాను. ఊరు కాని ఊరని భయం కాదు. తవిటమ్మ జ్వరం కాదు. రెండో బుట్ట మొయ్యడానికి మనిషి లేకా కాదు, కూలికి ఎవడో ఒకడు దొరుకుతాడు. ఆ ఉప్పు మళ్ళ రోడ్డు మీద నా ముందర అది తొక్కుతుంటే చూడ్డం నాకు కావాలి. అంతే. పొద్దున్న ఆ గంటన్నర. పెళ్ళైనప్పుడు, సొంత ఇల్లు కట్టినప్పుడు కూడా నాకంత సంతోషం లేదు. కార్డు చదివేను, ఇది వెళ్ళిపోతే ఆ రోడ్డు మీద నేనొక్కణ్ణీ అనుకున్నాను, దాచీసేను.

తర్వాత నెల తిరక్కుండానే సైకిలు గోడకి ఆనించీసింది. "నాకు సైకిలొద్దయ్యా" అంది. టైపు నేర్చుకోడానికి బస్సెక్కి టెక్కలి పోయేది. నేను ఒక బుట్ట తగ్గించుకుని ఒక్కణ్ణే తొక్కేను. మళ్ళు అవే. రోడ్డదే. ముందర ఎవరూ లేరు.

దేనికోసం దాచేనో అది కూడా నాకు మిగల్లేదు.

మే 13, బుధవారం. నౌపడ, ఇల్లు

చిలికా సరస్సు దాటేక అల్లుడు డీజిలుకి ఆపేడు. అప్పుడు వెనకనుంచి వచ్చి నా పక్క సీట్లో కూకుంది. రెండు రోజులకి. నా వైపు చూడలేదు, అద్దంలోంచి బయటికే చూస్తన్నాది.

"కార్డు ఏటి సేసినావు?"

"ఐసు పెట్టిలో ఏసేను. ముద్దయిపోనాది."

"సదివినావా ముందు?"

"సదివేను."

"ఏటున్నాది అందులో?"

గుర్తు లేదని ఏప్రిల్లో ఇదే పుస్తకంలో రాసుకున్నాను. నోరు తెరిచేసరికి ఒక్క మాట జారకుండా వచ్చింది.

"సూరాడ జోగయ్య గారికి. మీ కుమార్తె కుమారి ఝాన్సీ సైక్లింగు విభాగములో మా క్రీడా వసతి గృహమునకు ఎంపికైనదని తెలియజేయుటకు సంతోషించుచున్నాము. జూన్ పదహారవ తేదీ ఉదయం పది గంటలకు హాజరు కావలెను. దుప్పటి ఒకటి, కంచము ఒకటి, గ్లాసు ఒకటి, ఫొటోలు మూడు వెంట తెచ్చుకొనవలెను. వచ్చునదీ లేనిదీ వెంటనే జవాబు వ్రాయవలెను."

అల్లుడు తిరిగొచ్చి బండి తీసేడు.

"మళ్ళీ సెప్పు."

చెప్పేను.

"టైపు కొట్టేరా, సేత్తో రాసేరా?"

"సేత్తోనే. నీలం సిరా. నీ పేరు కింద మాత్రం ఎర్రగా గీత గీసేరు."

"నా పేరు కిందా?"

"నీ పేరు కిందే."

"మళ్ళీ సెప్పు."

మూడోసారి దాని పెదాలు నాతో పాటే కదిలేయి. దుప్పటి ఒకటి, కంచము ఒకటి దగ్గర నేను ఆగిపోయేను. గ్లాసు ఒకటి, ఫొటోలు మూడు అని అదే పూర్తి చేసింది. మొహం తడిసిపోయింది, తుడుచుకోలేదు. నన్ను ముట్టుకోలేదు. నేనూ ముట్టుకోలేదు.

ఇచ్ఛాపురం దగ్గర అంది: "జవాబు రాయమన్నారు కదా. నువ్వు రాయలేదు."

"లేదు."

"రాయి."

"ఎవలికమ్మా? ఆ హాస్టలు ఇప్పుడుందో లేదో."

"ఆలకే. వస్తానని రాయి."

నౌపడలో ఇంటి ముందర ఆపేరు. అది దిగలేదు. తవిటమ్మ మోకాళ్ళు పట్టుకుంటూ వీధిలోకొచ్చి కిటికీ దగ్గర నిలబడింది.

"నీకూ తెలుసు కదమ్మా" అంది ఝాన్సీ.

"తెలుసు" అంది తవిటమ్మ. లోపలికెళ్ళి చింతపండు పులుసు గిన్నె తెచ్చి, పైన పళ్ళెం మూసి, కిటికీలోంచి అందించింది. ఝాన్సీ చాలాసేపు చేతులు చాపలేదు. తర్వాత తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. వేను విజయనగరం వెళ్ళిపోయింది.

రాస్తన్నాను.

అయ్యా, నమస్కారములు. మీ కార్డు అందినది. మా అమ్మాయి ఝాన్సీ పదహారో తేదీ ఉదయం పది గంటలకు వచ్చును. దుప్పటి, కంచం, గ్లాసు, ఫొటోలు మూడు తెచ్చుకొనును. తోడు ఎవరూ రారు. ఒక్కతే వస్తాది.

ఇట్లు, సూరాడ జోగయ్య.